అమడబిడ్డల ఇంట

మా వీధిలో ఎవరు ఎదురైనా ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: "వీరిలో పెద్దది ఏది? చిన్నది ఏది?" పాలు పోసే ఆమె అడుగుతుంది. బస్సు కొరకు నిలిచినవారు అడుగుతారు. కొండమీదరాయుని జాతరకు దేవరకొండకు పోతూ మా ఇంట దాహమడిగినవారు సైతం చెంబు అందుకొనకముందే ఆ ప్రశ్న అడిగినారు. మేము జవాబు చెబుతాము. వారు ఇద్దరి ముఖములను మార్చి మార్చి చూచి, "అచ్చముగా ఒకటే!" అని నవ్వుకొని వెళ్లిపోతారు. మా జవాబుతో వారికి పని లేదు. ఇద్దరు ఒకటిగా కనబడుటే వారికి వేడుక. ఆ వేడుక వెనుక ఒక ఇల్లు ఏ విధముగా నడుస్తున్నదో, అందులో మేము చేసిన పొరపాట్లు ఏవో, వాటివలన నేర్చినది ఏమిటో నాలుగు మాటలు చెప్పవలెనని మా కోరిక.

మా ఊరు బుక్కరాయసముద్రము. ఈ ఊరికే ఒక కవల ఉన్నది. విజయనగర ప్రభువైన మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364లో పండమేరుకు అడ్డముగా కట్ట వేయించి పెద్ద చెరువును నిర్మించినాడనీ, ఆ చెరువు రెండు కొసలా రెండు ఊళ్లు నిలిపి, ఒకదానికి రాజు పేర బుక్కరాయసముద్రమనీ, రెండవదానికి అనంతసాగరమనీ నామకరణము చేసినాడనీ చరిత్రకారులు చెబుతారు. ఆ అనంతసాగరమే నేటి అనంతపురము. ఒకే చెరువు నీరు తాగి పెరిగిన ఊళ్లు రెండు. 1882లో బళ్లారి నుండి విడదీసి కొత్త జిల్లాను ఏర్పరచినప్పుడు వాటిలో ఒకటి జిల్లాకు ముఖ్యపట్టణమైనది. రెండవది పల్లెగానే నిలిచి, నేడు మండల కేంద్రముగా ఉన్నది. ఒక్క కడుపున పుట్టినవారు ఒక్క తీరున పెరగరనుటకు మేము గ్రంథములు వెదకనక్కరలేదు. చెరువు కట్టపై నిలిచి ఇటూ అటూ చూచిన చాలును.

మా బిడ్డలిద్దరూ ఆడపిల్లలు. ఇప్పుడు వారికి రెండేండ్ల నాలుగు నెలలు. వారు పుట్టినప్పుడు మా అవ్వ, "అమడబిడ్డలు పుట్టినారు, నేను ముందే చెప్పినాను, అతుకుకొని కాచిన అరటిపండు తినవద్దని" అని అన్నది. అవ్వ మాటకు ఎదురు చెప్పే అలవాటు మా ఇంట లేదు. అయినను సత్యము చెప్పవలసినదే గదా. అరటిపండుకూ కవలలకూ సంబంధము లేదు. తల్లి గర్భములో ఒక్క పిండమే తొలి దినములలో రెండుగా చీలితే ఒక పోలిక గల కవలలు పుడతారు. వారు ఎల్లప్పుడూ ఇద్దరూ ఆడబిడ్డలో, ఇద్దరూ మగబిడ్డలో అయి ఉంటారు. రెండు వేరు వేరు అండములు ఒకే నెలలో ఫలిస్తే పుట్టే కవలలు వేరు పోలికలవారు. వారు ఒకే సమయమున పుట్టిన అక్కచెల్లెండ్ల వంటివారు, అంతే. మొదటి రకము వారు లోకమంతటా దాదాపు ఒకే లెక్కన, వేయి కాన్పులకు నాలుగు జంటల చొప్పున పుడుతున్నారు. రెండవ రకము వారి సంఖ్య దేశమును బట్టి మారుతుంది. ఆఫ్రికాలో ఎక్కువ, మన ఆసియాలో తక్కువ. 2021లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారము ప్రపంచములో ఏటేటా సుమారు పదహారు లక్షల కవల జంటలు పుడుతున్నవి. అనగా పుట్టే ప్రతి నలుబది ఇద్దరు శిశువులలో ఒకరు కవలలలోనివారు. కనుక మా ఇల్లు వింత ఇల్లు కాదు. అటువంటి ఇండ్లు అనేకము ఉన్నవి.

కవలలలో సగమునకు పైగా నెలలు నిండకముందే పుడతారు. మా బిడ్డలును అట్లే వచ్చినారు. ఒక్కొక్కతె రెండు కిలోలకు తక్కువ. పొత్తిగుడ్డలో చుట్టితే గుడ్డయే బరువుగా తోచేది. ఆసుపత్రిలో నర్సమ్మ వారిని తల్లి రొమ్మునకు చర్మము చర్మమునకు తగులునట్లు ఆనించి గుడ్డతో కట్టుకొమ్మని చెప్పినది. దీనికి కంగారూ సంరక్షణ అని పేరట. 1978లో దక్షిణ అమెరికాలోని బొగోటా నగరమున, శిశువులను వెచ్చగా ఉంచే పెట్టెలు చాలక వైద్యులు ప్రారంభించిన పద్ధతి, నేడు లోకమంతటా బరువు తక్కువ బిడ్డలకు ప్రాణప్రదమైనది. కాని తల్లికి రొమ్ము ఒక్కటే, బిడ్డలు ఇద్దరు. రెండవ బిడ్డను ఎవరు కట్టుకొనవలెను? మాలో తండ్రి అయినవారు చొక్కా విప్పి కూర్చున్నారు. ఆయన లేచినప్పుడు అవ్వ కూర్చున్నది. డెబ్బది ఏండ్ల అవ్వ పిడికెడు బిడ్డను గుండెకు కట్టుకొని, రెండు గంటలు కదలక మెదలక గోడకు ఆనుకొని కూర్చున్న దృశ్యము మాకు ఇప్పటికీ కన్నుల గట్టినట్లున్నది. ఆనాటి నుండి ఆమె అరటిపండు మాట ఎత్తలేదు.

ఇల్లు చేరిన తరువాత మొదలైనది అసలు సంసారము. మా సీమలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ సగటు కూడ కాగితము మీది మాట. కురిసే ఏడు కురుస్తుంది, మొగము చాటుచేసే ఏడు చాటుచేస్తుంది. 2022 అక్టోబరులో వంకలు పొంగి అనంతపురములో లోతట్టు కాలనీలు నీట మునిగినవి. అదే చెరువు గర్భమున నెఱ్ఱెలు విచ్చిన ఏండ్లును మేము చూచినాము. ఇటువంటి చోట ఇద్దరు పసిబిడ్డల పొత్తిగుడ్డలు ఉతుకుట అనగా ఏమో, నీళ్ల బిందె మోసినవారికే తెలియును. మా కొళాయి ఒక దినము విడిచి ఒక దినము వస్తుంది. వచ్చే దినమున తెల్లవారుజామున లేచి తొట్టి, గంగాళము, బిందెలు, చివరకు పప్పుగిన్నెలు కూడ నింపుకొంటాము. బిడ్డలిద్దరినీ ఒకే గంగాళములో కూర్చుండబెట్టి నీళ్లు పోస్తాము. ఆ నీళ్లు కరివేపచెట్టు పాదులోనికి పోతాయి. ఆ చెట్టు మా బిడ్డలతోపాటు పెరిగి, వారికంటె పొడవైనది.

రెండేండ్ల బిడ్డ ఒక్కతె ఉన్న ఇంట ఒక అల్లరి. ఇద్దరు ఉన్న ఇంట రెండు అల్లరులని అనుకొంటారు. అది లెక్క తప్పు. ఒకతె తలుపు గొళ్లెము అందుకొనలేదు; ఇద్దరైతే ఒకతె వంగుతుంది, రెండవది వీపెక్కుతుంది. ఒకతె బుడ్డల మూట విప్పుతుంది, రెండవది వాటిని కోళ్లకు పంచుతుంది. ఒకతెను పట్టుకొనుటకు పడమటికి పోతే రెండవది తూర్పు వాకిలి దాటుతుంది. ఇక పంపకముల సంగతి చెప్పనక్కరలేదు. బొరుగులు రెండు గిన్నెలలో పోస్తే గింజ లెక్కలు తెలియకపోయినా ఎవరి గిన్నె నిండుగా ఉన్నదో ఇద్దరికీ తెలియును. ఒకే రంగు గిన్నెలు తెచ్చినాము, నాది నాదని పోట్లాడినారు. వేరు రంగులవి తెచ్చినాము, ఇద్దరికీ ఎర్రదే కావలసి వచ్చినది. చివరకు ఎర్రగిన్నెను అటక మీద పెట్టినాము. ఇప్పుడు ఇద్దరూ కలిసి, ఒక మాట మీద, అటక వైపు చూచి ఏడుస్తారు.

ఇదంతయు నవ్వుకొనదగినదే. నవ్వుకొనరానివి మూడు సంగతులు ఉన్నవి. వాటిని దాచక చెబుతాము.

మొదటిది కంచము. సమయము కలిసి వచ్చునని మేము ఒకే కంచములో రాగిసంగటియో పప్పన్నమో కలిపి, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చుండబెట్టి, ముద్ద ఒకదానికి, ముద్ద మరొకదానికి పెట్టేవారము. కంచము ఖాళీ అయితే ఇద్దరూ తిన్నట్లే అని మా లెక్క. అంగన్‌వాడీలో నెలనెలా తూకము వేస్తారు. 1975 అక్టోబరు 2న దేశములో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము పుణ్యమా అని, నేడు పల్లె పల్లెనా బిడ్డ బరువు చూచే మనిషి ఒకరు ఉన్నారు. ఒక నెల అంగన్‌వాడీ టీచరమ్మ రెండు కార్డులను పక్కపక్కన పెట్టి, "అమ్మా, పెద్దదాని గీత పైకి పోతున్నది. చిన్నదాని గీత రెండు నెలలుగా అడ్డముగానే ఉన్నది, చూడండి" అని చూపినది. మేము నివ్వెరపోయినాము. పెద్దది నోరు తెరచి ముందుకు వస్తుంది. ఆకలి అయితే కేక వేస్తుంది. చిన్నది తల తిప్పుకొని కూర్చుంటుంది. అది చాలు ననుకొని ఆ ముద్దనూ పెద్దదానికే పెట్టేవారము. అడగనిదే అమ్మయినా పెట్టదనే సామెత వినుటకు చమత్కారముగానే ఉంటుంది. అడుగుట ఇంకను నేర్వని బిడ్డ విషయములో అది ఎంత కఠినమైన మాటయో ఆనాడు తెలిసినది. ఆనాటి నుండి కంచములు రెండు. చిన్నది నిదానముగా తింటుంది; దాని కంచము ముందు నిదానముగా కూర్చుండుటకు మాలో ఒకరు ఉంటారు. కోడిగుడ్డు ఎవరిది వారికే. మూడు నెలలలో దాని గీతయును పైకి లేచినది.

రెండవది మందు. ఒక చలికాలము రాత్రి ఇద్దరికీ జ్వరము వచ్చినది. జ్వరపు మందు సీసా ఒక్కటే. పది గంటలకు మాలో తల్లి అయినవారు ఒక బిడ్డకు మందు పోసి, రెండవది నిద్రలో ఉన్నందున లేచిన తరువాత పోయవచ్చునని పడుకొన్నారు. పదకొండు గంటల వేళ బిడ్డ ఏడ్పు విని మాలో తండ్రి లేచినారు. దీపము వేస్తే రెండవది కూడ లేచునని, చీకటిలోనే ఏడ్చిన బిడ్డకు మందు పోసినారు. మందు పడనిది ఇదియే కాబోలునని ఆయన ఊహ. కాలికి గుర్తుగా కట్టిన నల్లదారము ఆ సాయంకాలమే తడిసి ఊడిపోయినది. దానిని తిరిగి కట్టలేదు. అర్ధరాత్రి దాటిన పిదప, ఒకదాని ఒళ్లు చల్లబడి చెమట పట్టగా, రెండవదాని ఒళ్లు పెనమువలె కాలుతుండగా, మేము ఒకరి ముఖము ఒకరము చూచుకొన్నాము. మందు రెండు మారులు ఒక్కతెకే పడినది. రెండవదానికి అసలే పడలేదు.

ఆ రాత్రి మేము ఇద్దరు బిడ్డలతో వైద్యుని ఇంటి తలుపు తట్టినాము. ఆయన బిడ్డ బరువు అడిగి, పోసిన చెంచాలు అడిగి, లెక్క చూచి, ప్రమాదపు హద్దు దాటలేదని చెప్పి, రెండవ బిడ్డకు మందు పోయించి, తెల్లవారువరకు ఇద్దరినీ కనిపెట్టి ఉండమన్నారు. పిదప ఒక మాట చెప్పినారు: జ్వరపు మందును బిడ్డ వయస్సును బట్టి గాక బరువును బట్టి పోయవలెననీ, ఒక మోతాదుకూ మరొక మోతాదుకూ నడుమ నాలుగు గంటలైనా, అంతకు మించియైనా వ్యవధి ఉండవలెననీ, ఆ మందు మితిమీరితే కాలేయమునకు చేటు అనీ. బిడ్డలకు ఏమియును కాలేదు. మాకు మాత్రము ఆ రాత్రి ఇంకను తెల్లవారలేదు. మరునాడే వంటింటి గోడకు ఒక పలక తగిలించినాము. నడుమ గీత గీచి ఒకవైపు పెద్దది, ఒకవైపు చిన్నది అని వ్రాసినాము. ఎవరు ఏ మందు ఎప్పుడు పోసినా, దీపము వేసి, పలక మీద గంట వ్రాసిన తరువాతనే సీసా మూత తీయవలెను. చదువురాని అవ్వ తన వంతుకు సుద్దముక్కతో ఒక చుక్క పెడుతుంది. దారము తీసివేసి ఒకదాని కాలికి వెండి గొలుసు, రెండవదాని కాలికి నల్లపూసల గొలుసు వేసినాము. కవలలు గల ఇండ్లవారికి మేము ఇవ్వగల సలహాలలో ఇదియే మొదటిది: ఇంట ఒక పలక ఉండవలెను.

మూడవది మాట. ఇది అన్నిటికంటె సూక్ష్మమైనది. కనుక ఆలస్యముగా కనుగొన్నాము. రెండేండ్లు నిండునాటికి బిడ్డకు ఏబది మాటలైనా వచ్చి, రెండేసి మాటలు కలుపుట ఆరంభము కావలెనని వైద్యులు చెబుతారు. పెద్దదానికి ఆ మాత్రము వచ్చినది. చిన్నది పెదవి విప్పదు. కాని వారిద్దరూ ఒకచోట కూర్చుంటే గంటలకొలది ముచ్చటలే. ఆ భాష మాకు తెలియదు. బస్సుకు ఒక పేరు, పిల్లికి ఒక పేరు, అవ్వకు ఒక పేరు, అన్నియు వారు పెట్టుకొన్నవే. ఇంకొక వింత ఏమనగా తమను తాము పిలుచుకొనుటకు ఇద్దరికీ ఒకే పేరు. అద్దములో తనను చూచినా, ఎదుట చెల్లెలిని చూచినా, ఆ మాటయే. బంధువులు వచ్చి విని మురిసిపోయేవారు. మేమును మురిసిపోయినాము. చిన్నదానికి దాహమైతే పెద్దది వచ్చి నీళ్లు అడిగేది. చిన్నదానికి నిద్ర వస్తే పెద్దది వచ్చి చాప చూపేది. చెల్లెలికి అక్కయే నోరైనదని చెప్పుకొని సంతోషించినాము.

ఆ సంతోషము తప్పని ఒక వైద్యురాలు మాకు తెలిపినారు. ఆమె ముందుగా చిన్నదాని వినికిడి పరీక్ష చేయించినారు. చెవులు చక్కగా ఉన్నవి. అటుపిమ్మట, "మీరు ఈ బిడ్డతో ఒంటరిగా ఎప్పుడు మాట్లాడినారు?" అని అడిగినారు. ఇద్దరమూ ఆలోచించినాము. ఎంత వెదకినా ఒక్క పూట కూడ జ్ఞాపకము రాలేదు. "పిల్లలూ రండి, పిల్లలూ తినండి, పిల్లలూ పడుకోండి" అనుటయే గాని, ఆ బిడ్డ కన్నులలోనికి చూచి దాని పేరు పెట్టి పలికిన మాట దినమునకు పది ఉండునో లేదో. మాట చెవిన పడుట వేరు, తనను ఉద్దేశించి పలుకుట వేరు. కవలలకు మాటలు ఆలస్యమగుటకు ముఖ్యకారణము తెలివి తక్కువ అగుట కాదు. తల్లిదండ్రుల మాట ఇద్దరి నడుమ పంచబడి, ఒక్కొక్కరికి సగమే దక్కుట.

ఈ విషయమును గూర్చి సోవియట్ రష్యాలో లూరియా, యూదోవిచ్ అనే శాస్త్రజ్ఞులు చేసిన పరిశీలన ఒకటి ప్రసిద్ధమైనది. వారి గ్రంథము 1959లో ఆంగ్లములో వచ్చినది. అయిదేండ్ల కవల సోదరులు ఇద్దరు తమ సొంతభాషలో మాత్రమే మాట్లాడుకొంటూ, లోకపు భాషలో బాగుగా వెనుకబడి ఉండినారు. వారిని శిశువిహారములో వేరు వేరు గుంపులలో ఉంచినారు. ఒకరికొకరు అందుబాటులో లేనందున ఇతరులతో మాట్లాడక తప్పినది కాదు. మూడు నెలలు తిరుగకముందే వారి భాష ఎంతో మెరుగైనది; భాషతోపాటు ఆట తీరు, ఆలోచన తీరు కూడ మారినవి. ముందుగా ఇట్లు ఆడుదమని అనుకొని ఆ విధముగా ఆడుట వారికి అప్పుడే అలవడినదట. మాట వచ్చుట అనగా నీళ్లు అడుగుట మాత్రమే కాదని, మనస్సు తనదిగా ఏర్పడుట అని దీనివలన తెలుస్తున్నది.

ఈ సందర్భమున మన పురాణకథ ఒకటి మాకు జ్ఞప్తికి వచ్చినది. మనము లవకుశులని లవుని పేరు ముందు చెబుతాము గాని, వాల్మీకి రామాయణపు ఉత్తరకాండలో కుశుడే జ్యేష్ఠుడు. సీతాదేవి ప్రసవించిన రాత్రి, ముందు పుట్టిన శిశువును మంత్రించిన కుశలతోను, వెనుక పుట్టిన శిశువును ఆ దర్భల దిగువ భాగమైన లవముతోను తుడవమని మహర్షి వృద్ధస్త్రీలతో చెప్పినాడు. ఆ విధముగా ఇద్దరికీ పేర్లు వచ్చినవి. చిన్నప్పుడు విన్నాము, 1963లో వచ్చిన లవకుశ చలనచిత్రమును ఊరి పెద్దలు నేటికీ తలచుకొనగా విన్నాము. కాని ఆ దర్భల అంతరార్థము ఇప్పుడు గాని తోచలేదు. ఇద్దరు శిశువులు పుట్టిన ఇంట ఆ మహర్షి చేసిన మొదటి పని వారిని వేరు వేరుగా గుర్తించుట. మేము రెండేండ్ల తరువాత చేసినాము.

వైద్యురాలు చెప్పిన చికిత్సకు ఖర్చు లేదు. దినమునకు అరగంట ఒక్కొక్క బిడ్డను ఒంటరిగా దగ్గర పెట్టుకొని మాట్లాడవలెను. అదియే చికిత్స. సాయంకాలము మాలో ఒకరు ఒక బిడ్డను చంకనెత్తుకొని చెరువు కట్ట వైపు పోతారు. రెండవవారు ఇంట రెండవ బిడ్డతో ఉంటారు. మరునాడు బిడ్డలు మారుతారు. మొదటి వారము ఇద్దరూ బిడ్డలు గుక్కపట్టి ఏడ్చినారు. కట్ట మీద చిన్నది అక్క కొరకు వెనుకకు తిరిగి చూస్తూనే ఉన్నది. మేము మానివేయుదమని అనుకొన్నాము కూడ. అవ్వయే, "ఈత నేర్చేవాడు ఒకనాడైనా గట్టు విడవవలె" అని మమ్ము పంపినది. పండ్రెండవ నాడో పదమూడవ నాడో, పొద్దు గుంకే వేళ, చెరువులో కొంగల గుంపు లేచినది. చిన్నది చేయి చాచి, ఎవరూ అడగకుండనే, "నీల్లు" అన్నది. కొంత సేపటికి మరల, "శానా నీల్లు" అన్నది. ఆ రెండు మాటలు మా సీమలో బిడ్డ పలుకదగిన మాటలలో మేలైనవని మాకు తోచినది. ఇంటికి వచ్చి అది అక్క దగ్గరకు పరుగెత్తి ఆ సంగతి వారి సొంతభాషలో చెప్పినది. అంతవరకు వార్తలన్నియు పెద్దదానివే. ఆనాడు మొదటిసారిగా పెద్దది నోరు తెరచుకొని విన్నది.

అయితే ఒక హెచ్చరిక. వారిని వేరు చేయుట మా ఉద్దేశము కాదు. రాత్రి ఒకే చాప మీద ఒకరి చేయి ఒకరి మీద వేసుకొని పడుకొంటారు. అది మాన్పించే హక్కు మాకు లేదు. ఒకటిగా ఉండుటకు వారికి ఎవరి సాయమును అక్కరలేదు. వేరుగా ఉండుటకే మా సాయము కావలసి వచ్చినది.

చివరగా తల్లిని గూర్చి ఒక మాట. మా చెరువుకు ముసలమ్మ కథ ఉన్నది. గండి పడిన కట్టను నిలుపుటకు బసిరెడ్డి ఇంటి చిన్నకోడలు తన ప్రాణమును అర్పించినదని ఊరివారు చెబుతారు. ఆ కథనే కట్టమంచి రామలింగారెడ్డి గారు 1899లో "ముసలమ్మ మరణము" అను కావ్యముగా రచించినారు. ముసలమ్మ కట్టకు నేటికీ ఊరివారు మ్రొక్కుతారు; మేమును మ్రొక్కుతాము. కాని మ్రొక్కి వచ్చిన తరువాత ఇంట ఒక మాట ఆలోచించుకొన్నాము. కవలలు పుట్టిన ఇంటికి దినదినమును గండి పడుతుంది. నిద్ర లేదు, నీళ్లు లేవు, చేతిలో డబ్బు నిలువదు. ఆ గండిని పూడ్చుటకు ఇంటిలోని ఒక్క స్త్రీని నిలువునా అర్పించి, "తల్లి గదా, ఓర్చుకొంటుంది" అనుట మనకు అలవాటు. కవలల తల్లులలో మనస్సు క్రుంగుట, కారణము లేక ఏడ్పు వచ్చుట తక్కినవారిలో కంటె ఎక్కువ అని వైద్యులు చెబుతారు. మాలో తల్లి అయినవారు మొదటి ఏట ఒక మధ్యాహ్నము, ఇద్దరు బిడ్డలు ఏడుస్తుండగా, వారిని చాప మీద పడుకొనబెట్టి, పెరటిలో కరివేపచెట్టు కింద ఊరక కూర్చున్నారు. పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా చూచి వచ్చి, ఒక్క ప్రశ్నయైనా వేయక, ఇద్దరినీ ఎత్తుకొన్నది. "నువ్వు పడుకో అమ్మా, ఒక నిద్ర పో" అన్నది. ఆ నిద్ర విలువ ఎంతో మేము కట్టలేము.

ఆనాటి నుండి మా ఇంట పనులు పంచుకొన్నాము. రాత్రి మొదటి జాము ఒకరిది, రెండవ జాము ఇంకొకరిది. కొళాయి, పొత్తిగుడ్డలు తండ్రివి. వంట తల్లిది, అవ్వది. వారమునకు ఒక రాత్రి తల్లికి పూర్తిగా సెలవు. మొదట ఇరుగుపొరుగు నవ్వినారు. తండ్రి గుడ్డలు ఉతికే ఇల్లని ఒక పేరు కూడ పెట్టినారు. ఇప్పుడు ఆ నవ్వినవారిలో ఒకరి ఇంట ఇటువంటి పంపకమే జరుగుచున్నదని విన్నాము. చూడవచ్చేవారికి మేము చేసుకొనే మనవి ఒక్కటే. కవలలను చూచుటకు బొమ్మలు, మిఠాయిలు తేవద్దు. ఒక గంట కాలము తెండు. ఒక బిడ్డను ఎత్తుకొని వీధి చివరి వరకు పోయి రండి. దాని పేరు పెట్టి పిలవండి. ఏది పెద్దది అని మమ్ము అడుగుటకంటె, నీకేమి కావలెను తల్లీ అని దానిని అడగండి.

చెరువుకు తూములు రెండు ఉన్నవి. ఒక తూము నీరు ఒక ఊరి పొలమునకు, రెండవ తూము నీరు రెండవ ఊరి పొలమునకు. నీరు ఒకటే అయినను కాలువలు వేరుగా త్రవ్వకపోతే, పల్లమున ఉన్న పొలమే అంతయు తాగివేస్తుంది. మెరకన ఉన్నది బీడు పడుతుంది. మా సీమ రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. మాకు మాత్రము రెండు కార్డులు, ఒక పలక, ఒక చెరువు కట్ట కలిసి చెప్పవలసి వచ్చినది. నిన్న సాయంకాలము చిన్నది కంచము ముందు కూర్చుండి, పెద్దది దాని తరఫున అడుగబోగా, చేయి అడ్డము పెట్టి, "నాకు" అన్నది. ఇంకను సంగటి పెట్టినాము. అంతయు తిన్నది.